మామ అడిగి వేయించుకున్న దురాయి

మా మామకు సిగ్గెక్కువ. పెళ్ళిలో ఫోటోకు పిలిస్తే వంటవాళ్ళ దగ్గరికి పోయి నిలబడేవాడు. కొత్త చొక్కా వేసుకుంటే ఎవరైనా "ఏంది, కొత్తదా?" అని అడుగుతారని దాన్ని ముందే ఒకసారి తడిపి ఆరేసి, కాస్త నలిపి మరీ తొడుక్కునేవాడు. సిగ్గేసినప్పుడు కుడిచెవి తమ్మె పట్టుకుని కిందికి లాగుతూ నవ్వడం ఆయన అలవాటు. ఆ చెవి రెండోదానికంటే పొడుగైపోయిందని మా అత్త ఎగతాళి చేసేది. మా అమ్మకు తమ్ముడాయన. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని ఒడ్డంతా తిప్పిన మనిషే అయినా, నేను కాలేజీలో చేరాక నాతో మాట్లాడటానికి కూడా మొహమాటపడేవాడు.

అలాంటి మనిషి ఊరి పెద్దల ముందు నిలబడి, తన మీద తానే దురాయి వేయించుకున్నాడు.

మా పాళెం విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంది. అందరూ వేట మీద బతికేవాళ్ళే. అక్కడ పోలీసు మాటకంటే పెద్దకాపు మాటకు విలువెక్కువ. ఆయనా ఇంకో నలుగురు పెద్దలూ కూర్చుని ఒక కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అంటారు. ఫలానా వల వేయకూడదనో, ఫలానావాడి పడవ తొయ్యడానికి ఎవరూ చెయ్యి వేయకూడదనో పెడతారు. ఒక మనిషి మీద దురాయి పడిందంటే ఆ ఇంట్లోవాళ్ళు బావి దగ్గర కూడా తలెత్తరు. దాన్ని తప్పించుకోవడానికి కాళ్ళు పట్టుకున్నవాళ్ళను చూశాను గానీ, వేయమని అడిగినవాడు మా మామ ఒక్కడే.

పోయిన నెల విషజ్వరం వచ్చి ఆయన చనిపోయాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఆ దురాయి ముచ్చటే చెప్పుకున్నారు. కొందరు మెచ్చుకుంటూ, కొందరు నవ్వుతూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. మామ పోయాడన్న దుఃఖం ఉంది, కాదనను. కానీ నా మొహం కాలిపోతున్నది దుఃఖంతో కాదు. ఆ దురాయిలో సగం నాది.

నేను నెల్లూరులో టీచర్ని. కొన్నేళ్ళ కిందట, క్లాసులో బోర్డు మీద రాస్తూ ఉండగా ఉన్నట్టుండి గుండె దడ వచ్చేది. చెమటలు పట్టి, ఇక ఇక్కడే పడి పోతాననిపించేది. పరీక్షలు చేసి గుండె శుభ్రంగా ఉందన్నారు. ఇంట్లో మేం దానికి గ్యాస్ అని పేరు పెట్టుకున్నాం. పాపం, మా ఆయన పొద్దున్నే జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చేవాడు. నేను ఆ నీళ్ళు తాగి, బడికని బయల్దేరి, ఎవరికీ చెప్పకుండా మానసిక వైద్యురాలి దగ్గరికి పోయాను. ఆమె ఇచ్చిన మాత్రలు పనిచేశాయి. వాటిని కాల్షియం డబ్బాలో పోసుకుని, మా ఆయన ముందే నోట్లో వేసుకునేదాన్ని. ఆ సిగ్గు మాత్రం ఏ మాత్రకూ తగ్గలేదు.

ఒక ఏడు వేసవి సెలవులు ఇవ్వగానే మాత్రలు మానేశాను. పాఠాలే లేనప్పుడు మాత్రలు దేనికి అనుకున్నాను. చదువు చెప్పేదాన్ని, నా తెలివి అంతవరకే పనిచేసింది. కొద్దిరోజుల్లోనే నిద్ర పట్టడం మానేసింది. తల తిప్పితే లోపల సన్నగా కరెంటు కొట్టినట్టుండేది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే ఏడుపు, తక్కువైందంటే ఏడుపు. బడి తెరిచే ముందు భయపడి మళ్ళీ క్లినిక్కుకు పరుగెత్తాను.

చున్నీ ముక్కు దాకా కప్పుకుని మూల బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒకాయన తల మీదనుంచి తువ్వాలు కప్పుకుని, మోకాళ్ళ మీదికి వంగి కూర్చున్నాడు. వేళ్ళకు వలతాడు కోసిన గాట్లున్నాయి. ఆ కుడిచెయ్యి మెల్లగా తువ్వాలు కిందికి పోయి చెవి లాగడం మొదలుపెట్టింది. మా మామే. ఆయన కూడా నా ఒళ్ళోని బడిసంచి చూసి గుర్తుపట్టాడని తర్వాత తెలిసింది. ఇద్దరం కదల్లేదు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతున్నా, ఎవరో పరాయివాళ్ళలా గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాం.

నర్సు ఆయన పేరు పిలిచింది. లేవలేదు. మళ్ళీ పిలిచింది. "పాళెం నుంచి వచ్చినాయన ఎవరండీ?" అని హాలంతా వినపడేట్టు అరిచింది. ఆమె మూడోసారి నోరు తెరిస్తే నా పేరు కూడా బయటికొస్తుందేమోనని హడలిపోయి, చున్నీలోంచే "మామా, నిన్నే" అన్నాను.

ఆయన తువ్వాలు తియ్యకుండానే "నువ్వు ముందు పో మే, నాకేం తొందర్లా" అన్నాడు.

ఎదురు బెంచీలవాళ్ళు నవ్వారు. ఈ రోజుకీ ఆ నవ్వు తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

ఇద్దరి పనీ అయ్యాక బస్టాండు దగ్గర నాకు టీ ఇప్పించాడు. నా మొహం చూడకుండా, రోడ్డు మీద ఆటోలను చూస్తూ చెప్పాడు.

"నువ్వు నన్ను చూళ్ళా. నేను నిన్ను చూళ్ళా. సరేనా?"

"సరే మామా."

టీ ఊదుకుంటూ, "నువ్వు గూడా నిలిపేసినావా?" అన్నాడు.

"సెలవులు గదా అని."

"నేను వేట బందు గదా అని."

ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ప్రభుత్వం వేట ఆపేస్తుంది. పడవలన్నీ ఒడ్డుకెక్కి కూర్చుంటాయి. అప్పుడు ఈయన మాత్రలు కూడా ఆపేశాడు. "పడవ ఇసకలో ఉంటే ఇంజనుకు డీజిలు పోస్తామా మే? నాకూ అంతే గదా అనుకున్నా" అన్నాడు. ఇద్దరి తెలివీ ఒకటే అని తేలేసరికి, టీ గ్లాసు ఒలికేదాకా నవ్వుకున్నాం.

ఆయన కథ అప్పుడే చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. ఒకప్పుడు చాలాకాలం అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. గాలి సోకిందనీ, తాయెత్తుతో తగ్గిందనీ ఊరనుకుంది. నిజానికి తగ్గించింది ఈ మాత్రలు. వాటితో బాగానే ఉన్నాడు గానీ, తెల్లవారుజామున వల లాగేటప్పుడు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఒకసారి నీళ్ళలోకి జారబోతే తోటివాడు మొలతాడు పట్టుకుని ఆపాడు. "అట్ట నిద్రమత్తుతో పడవెక్కితే ఏదో ఒకరోజు నన్ను ముంచుకుంటా, లేకుంటే పక్కనోడిని ముంచుతా. మాత్ర తగ్గాల. వేటకు పోవాల. అంతే నాకు కావాల్సింది" అన్నాడు.

డాక్టరమ్మ ఇద్దరికీ మాత్రలు మళ్ళీ మొదలుపెట్టి, ఒకే మాట చెప్పింది. తగ్గించవచ్చు, కానీ తొందరపడితే ఇప్పుడు చూసిందే మళ్ళీ చూస్తారు. ముందు ఒళ్ళు సిద్ధం కావాలి. నిద్ర ఒక పద్ధతికి రావాలి, వేళకు తినాలి, రోజూ నడవాలి, రక్తపరీక్షల్లో ఏమైనా తేడా ఉంటే సరిచేసుకోవాలి. అవన్నీ కుదిరి, కొన్నాళ్ళు నిలకడగా ఉన్నాకే కొంచెం కొంచెంగా తగ్గించడం. "ఇంకోటి. ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి. మీలో మార్పు మీకంటే ముందు పక్కవాళ్ళకు కనపడుతుంది. అది లేకుండా నేను మాత్ర ముట్టుకోను" అని నాతో గట్టిగా అంది. చెప్తానండీ అని తల ఊపి వచ్చేశాను.

"నీకేం చెప్పింది మామా?"

"తాగుడు మానాలంట. రాత్రిపూట ఇంట్లో పడుకోవాలంట. సముద్రంలోకి పోయేదానికి మాత్ర తగ్గించమ్మా అంటే, మాత్ర తగ్గేదానికి సముద్రంలోకి పోవద్దంటది! చదువుకున్నోళ్ళు తిక్కోళ్ళు మే" అని, నేనూ చదువుకున్నదాన్నేనని గుర్తొచ్చి చెవి లాగాడు.

తిట్టుకుంటూనే చేశాడు. మా అత్తకు ఆ రాత్రే తన సంగతంతా చెప్పాడు, నా మాట ఎత్తకుండా. వేట తెరిచాక పడవలన్నీ నీళ్ళలోకి పోతుంటే, ఈయన మాత్రం ఇంజన్ల చప్పుడు వినపడకుండా చెవుల చుట్టూ తువ్వాలు కట్టుకుని ఒడ్డు వెంట రెండోవైపుకు నడిచేవాడు. తిరిగొచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుని నెత్తళ్ళు ఏరేవాడు. మా దగ్గర చేపలు ఏరేదీ ఎండబెట్టేదీ ఆడవాళ్ళు. వేటకు పోగలిగిన మగవాడు ఆ వరసలో కూర్చోవడం ఎవరూ ఎరగరు. "ఏమబ్బా, ఈసారి నెల్లూరు పోతే నీకు గూడా గాజులు తెమ్మంటావా?" అని వాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఆయన ఎర్రబడిపోయి, తల ఎత్తకుండా ఇంకా వేగంగా ఏరేవాడు. లేచి మాత్రం పోయేవాడు కాదు. ఒక ఆదివారం నేను అమ్మను చూడ్డానికి పోయినప్పుడు ఆ వరసలో ఆయన్ని చూశాను. "సిగ్గుగా లేదా మామా?" అని అడిగాను.

"యాల ఉండదు? చచ్చేంత ఉండాది. ఉంటే ఉండనీ. దానికోసం గూడా మాత్రేసుకోమంటావా ఏంది?"

అన్నిట్లోనూ గెలిచాడు గానీ తాగుడు దగ్గర చిక్కుపడ్డాడు. ఆయనకు తాగుడు మీద అంత మోజు లేదు. మా దగ్గర చేప బాగా పడినరోజు పడవవాళ్ళంతా ఒక్కచోట కూర్చుని తాగుతారు. ఒడ్డున ఉన్నవాడిని కూడా పిలిచి గ్లాసు చేతికిస్తారు. వద్దంటే వాళ్ళ కష్టాన్ని తోసేసినట్టు. వద్దు అనడానికి మా మామకు సిగ్గు. పుచ్చుకుని తాగేవాడు. తాగినరాత్రి నిద్ర చెడేది. నిద్ర చెడితే లెక్క మళ్ళీ మొదటికొచ్చేది. డాక్టరమ్మ ఇంకొన్నాళ్ళు ఆగుదామనేది. అట్లా రెండుమూడుసార్లు అయ్యాక, ఆయన పోయి పెద్దకాపును అడిగాడు.

ఆ సాయంత్రం నేను ఊళ్ళోనే ఉన్నాను. వలలు పెట్టుకునే పాకలో పెద్దలు కూర్చున్నారు. వెనక ఆడవాళ్ళం నిలబడ్డాం. పెద్దకాపు విషయమేందో చెప్పమన్నాడు.

"నాకు ఎవురూ తాగేదానికి పొయ్యగూడదని దురాయి వెయ్యండి" అన్నాడు మామ, నేలచూపులు చూస్తూ.

ఒక్కసారిగా నవ్వులు. పెద్దకాపు కూడా నవ్వాడు. "నువ్వు తాగకుండా ఉండు అబ్బయ్యా. ఎవురన్నా నోరు తెరిచి పోస్తా ఉండారా?"

"ఒక్కొక్కడికీ వద్దని చెప్పేదానికి నాకు సిగ్గు. మీరు అందరికీ ఒకేతూరి చెప్తే పోతది."

ఇంకా నవ్వులు. మూలనుంచి ఎవరో అడిగారు. "ఉన్నట్టుండి ఈ మడి ఏందబ్బా? ఏమొచ్చింది నీకు?"

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అప్పటికి కొన్నిరోజులుగా ఊళ్ళో నా గురించి ఒక మాట తిరుగుతోంది. ఎవరో నెల్లూరు పోయి, నేను ఆ క్లినిక్కు మెట్లు ఎక్కుతుంటే చూశారు. టీచరమ్మకు మతి చెడిందంట అని బావి దగ్గర అనుకోవడం మా అమ్మ చెవిన పడింది. అమ్మ నన్ను అడిగితే, వాళ్ళు ఎవరినో చూసి నేననుకున్నారని బొంకాను. ఆమె నమ్మినట్టే ఉంది గానీ, ఆ రోజు పాకలో నా పక్కన నిలబడి నా చెయ్యి వదలకుండా పట్టుకుంది.

మామ చెయ్యి మళ్ళీ పైకి పోయింది. చెవి లాగీ లాగీ వదిలేశాడు. అప్పుడు తలెత్తి అందరినీ చూశాడు, నన్ను తప్ప.

"నేను నెల్లూరులో మెంటల్ డాక్టరు కాడ మాత్రలు తింటా ఉండా. శానా కాలంగా. అవి తగ్గాలంటే తాగగూడదు. ఆ డాక్టరు కాడికి మా అక్క కూతురు నాకు తోడొచ్చినాది. మీ ఆడోళ్ళు ఆ బిడ్డను చూసింది ఆ పొద్దే. బాగలేంది ఆ బిడ్డకు గాదు, నాకు."

ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. "నిజమేనా మే?" అని ఒకామె అడిగింది. నేను చీర కొంగు సర్దుకుని, అవునన్నట్టు తల ఊపాను. మా అమ్మ ఊపిరి వదలడం నాకు వినపడింది.

పెద్దకాపు ఇక నవ్వలేదు. ఈయనకు తాగేదానికి పోసినవాడి పడవ ఒక వారం ఒడ్డు దిగకూడదని దురాయి వేశాడు. ఆ తర్వాత ఒక్కడూ గ్లాసు చాపలేదు. కొందరు పిల్లలు ఆయన వెనక పిచ్చి మామ అని అరిచేవాళ్ళు. ఆయన ఎర్రబడి, నవ్వి, నడిచిపోయేవాడు.

మరుసటి వేట బందు దాటాక డాక్టరమ్మ మాత్ర తగ్గించడం మొదలుపెట్టింది. కొద్దికొద్దిగా, మధ్యలో నెలలు నెలలు ఆగుతూ. ఒకసారి తేడా చేసింది. మాటలు ఎక్కువైపోయాయనీ, రాత్రంతా గుమ్మంలో కూర్చుంటున్నాడనీ మా అత్త ముందుగా కనిపెట్టి తీసుకుపోయింది. మళ్ళీ పాత మోతాదుకు వెళ్ళాల్సొచ్చింది. పడిపోయినట్టు కుంగిపోతాడేమో అనుకున్నాను. "గాలి తిరిగితే తెరచాప దించమా? మళ్ళా ఎత్తుకుంటాం" అన్నాడు, అంతే. మళ్ళీ ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి రోజుకొక చిన్నముక్క మిగిలింది. అది పూర్తిగా పోలేదు. పోవాలని ఆయనా పట్టుబట్టలేదు. మత్తు పోయింది, డాక్టరమ్మ సరేనంది, వేటకు పోయాడు. పడవెక్కిన మొదటిరోజు అత్త ఫోను చేసి, "పెళ్ళికొడుకు మాదిరి పోయినాడు మే" అని ఏడ్చింది.

ఆదివారం ఆదివారం మామ నాకు ఫోను చేసేవాడు. ఎప్పుడూ అవే రెండు మాటలు.

"నిద్ర పట్టతా ఉండాదా మే?"

"పట్టతా ఉంది మామా."

"ఇంట్లో చెప్పినావా?"

"చెప్తా మామా."

కోప్పడేవాడు కాదు. "సరేలే, తొందర్లా" అనేవాడు. కోప్పడి ఉంటే ఎదురు కోప్పడి పెట్టేసేదాన్ని. ఆ తొందర్లా అన్న మాటకే ఫోను పెట్టాక చాలాసేపు మొహం కడుక్కునేదాన్ని. డాక్టరమ్మ అడిగితే మా ఆయనకు పని ఎక్కువగా ఉందనో, పిల్లల పరీక్షలనో ఏదో ఒకటి చెప్పేదాన్ని. నా మోతాదు అట్లాగే ఉంది. నా కాల్షియం డబ్బా అట్లాగే ఉంది.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక నలుగురైదుగురు ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. మా ఆయన టీ గ్లాసు పట్టుకుని అక్కడే గోడకానుకుని నిలబడ్డాడు. ఒకామె నా చెయ్యి పట్టుకుంది. ఆమె కూతురు కాన్పయినప్పటినుంచీ బిడ్డను ఎత్తుకోవడం లేదట, ఎవరితోనూ మాట్లాడటం లేదట.

"నువ్వు గదమ్మా మీ మామను డాక్టరు కాడికి తీసకపోయి బాగు చేయించింది. మా బిడ్డను గూడా తీసకపో తల్లీ. నువ్వు చెప్తే ఇంటది. నీకేమన్నా సిగ్గా, ఎగ్గా!"

మా ఆయన మురిసిపోయాడు. "అవునమ్మా. మామ విషయం నాక్కూడా చెప్పకుండా దాచింది. తోడు పోవాలంటే ఎవరైనా దీని తర్వాతే" అన్నాడు.

ఆ మెప్పు నేను మోయలేకపోయాను. నోరు మూసుకుంటే అక్కడితో అయిపోతుంది. పోయినమనిషి ఎట్లాగూ కాదనలేడు. ఇంకా ఎన్నేళ్ళయినా ఆ అబద్ధం నన్ను కాపాడుతుంది. ఎదురుగా ఆ తల్లి నా మొహంలోకే చూస్తోంది.

"నేను మామను తీసకపోలా" అన్నాను. "నేను నా కోసం పోయినా. నాకు గూడా మాత్రలుండాయి. ఇప్పుడు గూడా తింటా ఉండా. మామ ఆడ నన్ను చూసినాడు. ఊళ్ళో నా మాట రాకుండా అంతా ఆయన మీద వేసుకున్నాడు."

మా అత్త లోపలినుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. నాకు ఆ మట్టిలోకి దిగిపోవాలనిపించింది. మా ఆయన గ్లాసు గోడ మీద పెట్టాడు. ఆయన మొహంలో కోపం ఉందో బాధ ఉందో నేను చూడలేదు. తల ఎత్తితే కదా.

"ఎవరికి తెలుసు ఇది?" అని అడిగాడు మెల్లగా.

"మామకు."

"ఇంకా?"

"ఇంకెవరికీ తెలియదు. తెలిసిన ఒక్కడూ పోయాడు. అందుకే మీకు చెప్తా ఉన్నాను."